నూతిపురుగుల పంపకం

చిట్టేరు జిల్లా రెండయిందన్న సంగతి ఆ జిల్లాలో అందరికీ తెలిసింది, ఒక్క నూతిపురుగులకి తప్ప. పైన గీత గీశారు. గీతకి ఇవతల ఎగువ చిట్టేరు, అవతల దిగువ చిట్టేరు అన్నారు. రెండు వైపులా టపాకాయలు కాల్చారు, రెండు వైపులా శాలువాలు కప్పుకున్నారు. కింద నీళ్ళకి మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు. అవి ఎప్పట్లాగే రాళ్ళ సందుల్లోంచి ఈ నూతి నుంచి ఆ నూతికి పోతూ వస్తూ ఉన్నాయి. ఆ నీళ్ళని నమ్ముకున్న పురుగులు తాము ఏ జిల్లా వాళ్ళో తెలియకుండానే తిని తిరుగుతున్నాయి.

నూతిపురుగు అంటారు గాని అది పురుగు కాదు. రొయ్యకీ పీతకీ దూరపు చుట్టం. బియ్యపుగింజ కన్నా కాస్త పొడుగు. వెలుతురు ఎరగని చోట పుట్టి అక్కడే పోయేది కనక దానికి కళ్ళు లేవు, ఒంటికి రంగు లేదు. ఉన్నవల్లా ఏడు జతల కాళ్ళు. ఇంట్లో బిందెలో కనిపిస్తే ఆడవాళ్ళు గుడ్డతో వడగట్టి పారేస్తారు. చిట్టేరులోని భూగర్భ జలజీవుల వర్గీకరణ కేంద్రంలో మాత్రం దానికి 'సమపాది' అని పేరు, ఉండటానికి గాజుసీసా, చెప్పుకోవటానికి వరస నంబరు, ఏడాదికోసారి పైనించి తనిఖీ.

ఆ కేంద్రంలో కనకవల్లి పని చూడటం, సుభాషిణి పని గీయటం. కనకవల్లి మైక్రోస్కోపులో కన్ను పెట్టి, పురుగు కాలి మీది ముళ్ళూ వెంట్రుకలూ చదువుకుంటూ పోతుంది. మూడో కణుపు దగ్గర రెండు ముళ్ళు, ఒకటి పొట్టి, పక్కన ఒక వెంట్రుక, దాని కొస చీలింది, అంటుంది. ఎదురుగా కూర్చున్న సుభాషిణి తలెత్తకుండా నల్లసిరాతో అదంతా గీస్తుంది. మీసానికి ఎన్ని కణుపులు, తోక మొండిదా కోసుదా, మగదాని పొట్ట కింద ఈదే రేకులు ఎటు వంగాయి, ఇవన్నీ చూసి ఇది ఫలానా జాతి, దీని పినతల్లి బిడ్డ కాదు అని తేల్చాలి. ఒకే బల్ల దగ్గర ఇరవయ్యేళ్ళ పైనించి తేలుస్తున్నారు. కనకవల్లికి సున్నా గీస్తే దోసగింజలా వస్తుంది. సుభాషిణికి మైక్రోస్కోపులో చూస్తే తన కనురెప్పే కనిపిస్తుంది. మా ఇద్దరికీ కలిపి ఒక మనిషి పని వచ్చునండీ అని, కేంద్రం చూడవచ్చిన వాళ్ళందరికీ సుభాషిణి నవ్వుతూ చెప్పేది.

కనకవల్లికి విడిపోవటాలంటే భయం. తండ్రి రైల్వేలో పనిచేయబట్టి చిన్నప్పుడు ఏ ఊళ్ళోనూ స్నేహం ముదరలేదు. గవ్వలాట సగంలో ఉండగా సామాన్లు కట్టేవాళ్ళు. పెళ్ళయ్యాక మొగుడు ములక్కాడలు తెస్తానని సంచీ పట్టుకు వెళ్ళి బజార్లోనే కూలబడి పోయాడు. అప్పట్నుంచీ ఎవరు గడప దాటినా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడుతుంది. సాయంత్రం సుభాషిణి బస్సెక్కినా అంతే. పొద్దున్నే మళ్ళీ వచ్చి నీ మొహమే చూడాలి కదే, ఆ చూపేమిటి, అని సుభాషిణి కిటికీలోంచి కసురుకునేది.

అలాంటి మనిషి నెత్తిన విభజన పడింది.

విభజన ప్రత్యేకాధికారి వరహాలరావుగారు జీపు దిగుతూనే వసారాలో నిలబడి సూత్రం ప్రకటించారు. కేంద్రంలోని సమస్త చరాస్తులూ, సిబ్బందీ, జీవజాలమూ వరస నంబరు ప్రకారం పంపకం అవుతాయి. బేసి ఎగువకి, సరి దిగువకి. ఇందులో రాగద్వేషాలకి తావు లేదు. ఆయన మామూలు మాటలు మానేసి చాలాకాలమైంది. మంచినీళ్ళు కావలసి వచ్చినా దాహార్తి నివారణార్థం తగు చర్య గైకొనవలసినది అనేవారు. అటెండరు కోటిలింగానికి ఆ మాట బోధపడేలోగా ఆయన దాహం దానంతటదే నివారణ అయ్యేది.

పంపకం చకచకా సాగింది. మైక్రోస్కోపు బేసి, దాని అద్దాలు సరి. బీరువాలు ఎగువకి, తాళంచెవులు దిగువకి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఎగువకి, దాని తలుపు దిగువకి. తలుపు ఆ పూటే ఊడింది. అభ్యంతరాలుంటే రాసి ఇవ్వమన్నారు గాని, కాగితాలు బేసిలోనూ సిరా సరిలోనూ పోయాయి. డైరెక్టరు డాక్టరు నీలాద్రిగారిని సలహా అడిగితే, ఎగువా మంచిదే, దిగువా మంచిదే అన్నారు. ఆయన ఏదైనా కూర్చునే అనేవారు. ఆయన లేచి నిలబడగా చూసినవాళ్ళు ఆ కేంద్రంలో ఎవరూ లేరు.

సిబ్బంది వరసలో కనకవల్లి బేసి, సుభాషిణి సరి. గీత దాటి పోవాలంటే రెండు బస్సులు మారాలి.

మొగుడూపెళ్ళాలు ఉద్యోగస్తులైతే ఒకచోటే ఉంచాలని రూలుంది. స్నేహితులకి అలాంటిదేమీ లేదు. ముందే తెలిస్తే నీ మరిదినైనా చేసుకుని నీకు తోడికోడల్నయ్యేదాన్ని అంది సుభాషిణి. అంతలోనే తనే తల అడ్డంగా ఊపింది. తోడికోడళ్ళని కలిపి ఉంచమనే రూలు ఏ ప్రభుత్వమూ పెట్టదే, పెడితే పడిపోతుంది, అంది. కనకవల్లికి నవ్వు రాలేదు. అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ మూసేసింది.

ఇక జీవజాలం దగ్గరికి వచ్చారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంతకు ముందు మరో శాఖలో గడ్డి కూరిన మొసలిని పంచుకోవలసి వచ్చి, మధ్యకి కోసి తల ఒకరికి, తోక ఒకరికి ఇచ్చారు. తోక దక్కిన వాళ్ళు దాన్ని అద్దాలపెట్టెలో పెట్టి 'మొసలి, శేషభాగం' అని బోర్డు రాశారు. బడిపిల్లలు చూసి ఇంటికెళ్ళి ఏమి చెప్పారో గాని పెద్ద గొడవైంది. అందుకని కొత్త ఉత్తర్వులో ఒక వాక్యం చేర్చారు: శరీరనిర్మాణరీత్యా ఒకటే అయినదానిని విడదీయరాదు.

ఆ వాక్యం పట్టుకుని వరహాలరావుగారు సీసాలన్నీ చూసుకుంటూ కనకవల్లి బల్ల దగ్గరికి వచ్చారు. అక్కడి సీసాలో రెండు బతికున్న నూతిపురుగులు ఉన్నాయి. మగది బేసి, ఆడది సరి. మగది ఆడదాన్ని పొట్ట కింద పెట్టుకుని, ముందు కాళ్ళతో గట్టిగా పట్టుకుని ఉంది.

ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయని ఆయన అడిగారు. వారం పైనే అయింది సార్ అంది కనకవల్లి.

"కార్యాలయ వేళల్లో కూడానా?"

"అన్ని వేళల్లోనూ సార్."

విడదీయవలసినది అని ఆజ్ఞ అయింది. కనకవల్లి సన్నకుంచె తీసుకుని, పసిపిల్ల చెంప నిమిరినట్టు మగదాని వీపు మీద నిమిరింది. అది కదల్లేదు. దాని ముందు కాళ్ళు పట్టకారులా ఉంటాయి, కొసన కొక్కెం ఉంటుంది, అది పట్టిందంటే కాలైనా తెగుతుంది గాని పట్టు వదలదు అని చెప్పింది. వరహాలరావుగారు వంగి భూతద్దంలోంచి చాలాసేపు చూశారు. లేచేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"అనగా, సదరు రెంటిని విడదీయుట శరీరనిర్మాణరీత్యా సాధ్యము కాదు."

మామూలుగా అయితే, అని కనకవల్లి ఏదో చెప్పబోయింది. పాము కుబుసం విడిచినట్టు ఆడది ఒంటి మీది పొట్టు విడిచేదాకానే ఈ పట్టు, తరవాత దేని దారి దానిదే అని ఆమె చెప్పదలుచుకుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. మామూలు సంగతులు ఉత్తర్వు పరిధిలోకి రావు, ఇప్పుడు సాధ్యమా కాదా అది చెప్పమన్నారు. ఇప్పుడు కాదు సార్ అంది. అంతే, ఆయన అక్కడికక్కడే సూత్రం చెప్పి రాయించారు: పట్టు విడవనిది ఒకటే దేహం. రెండు నంబర్లూ కలిపి ఒక నంబరు చేశారు. పద్నాలుగు జతల కాళ్ళు, ఒక తల, ఒక అదనపు తల. ఇది లోకానికి కొత్త జాతి అని డైరెక్టరుగారు కూర్చునే హర్షించారు. దానికి వరహాలరావుగారి పేరు పెడదామని ప్రతిపాదించారు. వరహాలరావుగారు వద్దంటూనే తన ఇంటిపేరు కూడా స్పష్టంగా చెప్పారు.

ఇవి రెండండీ, నేను కళ్ళారా చూశాను, అని కనకవల్లి నెమ్మదిగా అంది. మీరు చూసేది శరీరం, మేము చూసేది వాక్యం, అని ఆమెకి జవాబొచ్చింది.

ఆ మధ్యాహ్నం మజ్జిగన్నం కలుపుకుంటూ సుభాషిణి ఉన్నట్టుండి ఆగింది. పురుగుకి ఉన్న రూలు మనిషికి ఎందుకుండదే వల్లీ, అంది. కుడిచెయ్యి ఎంగిలి కనక ఎడమచేత్తోనే దరఖాస్తు మొదలుపెట్టింది. సిరా సరి, సుభాషిణీ సరి, ఆ విధంగా సిరా దొరికింది. కాగితం బేసి, కనకవల్లీ బేసి, ఆ విధంగా కాగితమూ దొరికింది.

వరహాలరావుగారు దరఖాస్తు రెండుసార్లు చదివారు. సూత్రంలో పురుగులకు మాత్రమే అని ఎక్కడా లేదు. సూత్రం ఆయనదే, కాదనటానికి ఆయనకి మనసొప్పలేదు. మర్నాడే సర్క్యులరు వచ్చింది. పట్టు పరీక్ష వసారాలో జరుగుతుంది. అభ్యర్థులు ఒకరినొకరు శరీరనిర్మాణరీత్యా పట్టుకొనవలెను. అటూ ఇటూ ఇద్దరేసి అటెండర్లు లాగెదరు. ఈల ఆగేవరకు పట్టు విడవనివారికి ఏకదేహ ధ్రువపత్రం. అట్టివారిని ఏ జిల్లాకైనా కలిపే పంపవలెను.

కేంద్రం అంతా ఒక్కసారిగా ఒకరినొకరు పట్టుకుంది.

స్టోరుకీపరు సింహాచలం తాళంచెవుల గుత్తితో వచ్చి ఏకదేహమై వెళ్ళాడు. వాచ్‌మన్ మంచం మీద నిద్రపోతుండగా మంచాన్ని ఇటూ అతన్ని అటూ లాగారు. అతను లేవనూ లేదు, వదలనూ లేదు. 'నిద్రావస్థ యందు సైతం' అని అతని పత్రంలో ప్రత్యేకంగా రాశారు. లెక్కల విభాగంలో పనిచేసే భానుమూర్తి, హైమవతి భార్యాభర్తలు. వాళ్ళకి వేరే రూలే ఉంది, పరీక్ష అక్కర్లేదు. అయినా ఇద్దరూ విడివిడిగా వచ్చి పరీక్ష పెట్టమని బతిమాలుకున్నారు, ఓడిపోతామేమోనన్న ఆశతో. తీరా లాగేటప్పుడు, ముందు వదిలినవాళ్ళు ఇంటికెళ్ళాక అనిపించుకోవాలని భయపడి ఇద్దరూ ప్రాణాలకు తెగించి పట్టుకున్నారు. పత్రం తీసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోయారు.

అన్నిటికన్నా ఘనంగా నెగ్గింది డైరెక్టరుగారు. నిజానికి ఆయన అభ్యర్థి కాదు. కోటిలింగం కుర్చీ దుమ్ము దులుపుదామని, ఒకసారి లేవండి బాబూ అని కుర్చీ లాగాడు. కుర్చీ వచ్చింది, ఆయనా వచ్చారు. మరో ముగ్గుర్ని పిలిచారు. కుర్చీ కోడు ఒకటి ఊడింది గాని ఆయన ఊడలేదు. వరహాలరావుగారు చేతులు జోడించినంత పని చేశారు. ఈ సంబంధం ఎముకల వరకూ వ్యాపించినది అని రాసి సంతకం పెట్టారు. ఆనాటి నుంచి డైరెక్టరుగారిని గదిలోంచి గదిలోకి నలుగురు మోసుకెళ్ళేవారు. ఏకదేహాన్ని నడిపించి తీసుకెళ్తే రూలు తప్పినట్టవుతుంది.

చివరికి కనకవల్లి, సుభాషిణీ వచ్చారు.

సుభాషిణి కుడిభుజం కిందటి చలికాలం నించీ బిగుసుకుపోయి ఉంది. జడ వేసుకోలేక ముడి చుట్టుకు వస్తోంది. గీసేటప్పుడు మాత్రం మోచెయ్యి బల్లకి ఆనించుకుంటే నెప్పి తెలియదు. ఎడమచెయ్యి ఇస్తానంటే కుడిచెయ్యి కుడిచేతినే పట్టుకోవాలని సర్క్యులరులో ఉందన్నారు. ఈల ఎంతసేపు మోగుతుంది లెద్దూ అంది సుభాషిణి. ఇద్దరూ మణికట్లు పట్టుకున్నారు.

ఈల మోగింది. అటెండర్లు లాగారు. కనకవల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది. చిన్నప్పుడు రైలు కిటికీలోంచి జారిపోయిన చేతులన్నీ ఆమెకి గుర్తొచ్చాయి. ఈసారి మాత్రం ఊరుకోను అనుకుంది. అంత చిన్న ఒంట్లో అంత బలం ఉందని కోటిలింగానికి ఆవేళే తెలిసింది. ఈల ఇంకా మోగుతోంది. కనకవల్లి కళ్ళు తెరిచింది. ఎదురుగా సుభాషిణి నవ్వుతోంది. నవ్వుతూ కింది పెదవి కొరుక్కుంటోంది. కళ్ళ నించి నీళ్ళు బుగ్గల మీదకి వచ్చేశాయి.

కనకవల్లి వదిలేసింది. వెళ్ళి కోటిలింగం మీద పడింది. 'రెండు దేహములు' అని రాసుకున్నారు.

బల్ల దగ్గరికి వచ్చాక సుభాషిణి భుజం పట్టుకుని కూలబడింది.

"ఎందుకొదిలావే? ఇంకొక్క క్షణం పట్టుకుంటే అయిపోయేది."

"నీ చెయ్యి పోయేదక్కా."

"పోతే పోయేది."

"అది పోతే నేను చూసింది ఎవరికి చెప్పను?"

ఆ పూట ఇద్దరూ ఎవరి డబ్బాలో వాళ్ళు తిన్నారు. సుభాషిణి తెచ్చిన మాగాయ మూత తియ్యకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. బస్సు మలుపు తిరిగేదాకా కనకవల్లి చూస్తూనే ఉంది. కిటికీలోంచి తిట్టు రాలేదు.

ఇక మిగిలింది కమిషనరుగారి ఆమోదం. ఆవిడ వచ్చి పట్టు సూత్రాన్ని స్వయంగా చూసి సంతకం పెడితే పత్రాలన్నీ ఖాయం, పంపకమూ ఖాయం. సూత్రానికి మూలం కనకవల్లి బల్ల మీది సీసా కనక కేంద్రమంతా దాని చుట్టూ తిరిగింది. అక్కడ ఎవరూ గట్టిగా తుమ్మకూడదన్నారు. ఫ్యాను ఆపేశారు. కోటిలింగం సీసా మెడకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. నెగ్గినవాళ్ళు పొద్దునా సాయంత్రం వచ్చి, దేవుడి గుళ్ళోలా వంగి చూసి, పట్టుకునే ఉందని తృప్తిగా వెళ్ళేవాళ్ళు. ఇది ఎల్లకాలం పట్టుకుని ఉండదండీ అని కనకవల్లి ఒకరిద్దరికి చెప్పబోతే నోరు మూయించారు. నోటి మాటకి తథాస్తు దేవతలుంటారన్నారు.

కమిషనరుగారు వచ్చే రోజు పొద్దున్నే కనకవల్లి సీసా దగ్గరికి వెళ్ళింది. మగది ఎప్పట్లాగే పట్టుకుని ఉంది. మామూలు కంటికి ఏ తేడా లేదు. ఆమెకి మాత్రం ఎందుకో పొట్ట కింద ఉన్నది మరీ తెల్లగా, మరీ తేలికగా అనిపించింది. భూతద్దం పెట్టి చూసింది. మగది పట్టుకుని ఉన్నది ఒట్టి పొట్టు. కాళ్ళూ మీసాలూ అన్నీ ఉన్నాయి, లోపల మాత్రం ఏమీ లేదు. ఆడది దాన్ని విడిచేసి సీసా అడుగున గులకరాయి పక్కన మెత్తగా, తడిగా, కొత్త ఒంటితో తిరుగుతోంది. దాని పొట్ట కింద సంచిలో గుడ్లు మెరుస్తున్నాయి.

ఈ మాట చెప్పగానే గది నిండిపోయింది. కంటికి కనిపించని తేడాని నోటితో ఎందుకు చెప్పటం, ఊరుకోండి మేడమ్, అని అందరూ పట్టుకున్నారు. తను ఓడిపోయింది కదా, అందుకే అందర్నీ ఓడించాలని చూస్తోంది, అని సింహాచలం తాళంచెవుల గుత్తి గుండెకి హత్తుకుని అన్నాడు. డైరెక్టరుగారిని మోసుకొచ్చారు. శాస్త్రానిదేముందమ్మా, ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, అని ఆయన కుర్చీలోంచి బుజ్జగించారు. కనకవల్లి బల్ల అవతలికి చూసింది. మాటల్లేక మూడు రోజులైన సుభాషిణి కలం తుడుచుకుంటోంది.

"దాన్ని వదిలెయ్యండి. కళ్ళు దానివి. ఏం చూసిందో అదే చెబుతుంది," అంది.

కమిషనరు మాణిక్యాంబగారు పెద్దావిడ. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతూ ఉంటుంది. వస్తూనే మరుగుదొడ్డి అడిగి, తలుపు లేకపోవటం చూసి తిరిగి వచ్చారు కనక కాస్త కరుగ్గానే ఉన్నారు. వరహాలరావుగారు సూత్రం అంతా ఏకబిగిన అప్పజెప్పారు. ఆవిడ విని, సీసా కేసి చూసి, కనకవల్లి వైపు తిరిగారు.

"చూసేది మీరేనటగా. ఇది ఒకటేనా?"

కనకవల్లి బల్ల అంచు పట్టుకుంది. వెనక సిబ్బంది అందరి ఊపిరీ ఆమె మెడ మీదే ఉంది.

"రెండమ్మా. ఎప్పుడూ రెండే. ఇప్పుడు అది పట్టుకున్నది పొట్టుని. ఆడది అడుగున ఉంది, చూడండి."

మాణిక్యాంబగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. ఎంతకాలం ఇలా డొల్లని పట్టుకుని ఉంటుందని అడిగారు. అది లోపల ఏముందో చూడలేదమ్మా, దానికి కళ్ళు లేవు, అంది కనకవల్లి. ఆవిడ ఎందుకో తలెత్తి డైరెక్టరుగారి కుర్చీ వైపు చూశారు.

వరహాలరావుగారు ఓడిపోయే మనిషి కాదు. గొంతు సవరించుకున్నారు. జాబితా తయారైన తేదీన బేసి నంబరు దేనిని పట్టుకుని ఉన్నదో అదియే సరి నంబరు. నేడు పట్టుకుని ఉన్నది పొట్టును. కావున పొట్టుయే సరి నంబరు, ఏకదేహం చెక్కుచెదరలేదు. అడుగున సంచరించుచున్నది జాబితాకు వెలుపలి ప్రాణి.

"అంటే అది ఎవరిదీ కాదా?" అన్నారు మాణిక్యాంబగారు.

"కేంద్రపు సీసాలో ఉన్నది కనుక కేంద్రపు ఆస్తియే. అయితే జాబితాకెక్కని ఆస్తి."

"జాబితాకెక్కని ఆస్తి ఉండగా పంపకం చెయ్యొచ్చా?"

వరహాలరావుగారు నోరు తెరిచారు. ఆయన జన్మలో రూలుకి విరుద్ధంగా ఒక్క మాట చెప్పి ఎరగరు. చెయ్యరాదు, అన్నారు.

దాని పొట్ట కింద మెరిసేవి ఏమిటని ఆవిడ అడిగారు. గుడ్లు అంది కనకవల్లి. పిల్లలెన్ని అవుతాయన్నారు. పుట్టాక లెక్కపెట్టాలమ్మా, పెట్టి, పెంచి, ఒక్కొక్కటీ మగదో ఆడదో, ఏ జాతో కాలు కాలూ చూసి తేల్చాలి అంది. తేల్చేదెవరన్నారు.

"నేను చూసి చెబుతాను. ఈవిడ గీస్తుంది."

ఒక్కరే చూసి గీయకూడదా అని మాణిక్యాంబగారు అనటమే ఆలస్యం, వరహాలరావుగారు అడ్డుపడ్డారు. పరిశీలకురాలి పదవికీ చిత్రకారిణి పదవికీ నియమావళులు వేరు, ఒకరి విధులు మరొకరు నిర్వర్తించుట శిక్షార్హం, చూసినవారి సమక్షంలోనే గీయవలెనన్నది నిబంధన, అని గుక్కతిప్పుకోకుండా చెప్పారు. కనకవల్లికి ఆ మనిషి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

మాణిక్యాంబగారు నిలబడే ఉత్తర్వు చెప్పారు. సీసాలో ఉన్న, పుట్టిన, పుట్టబోయే ప్రతి ప్రాణినీ చూసి, గీసి, వర్గీకరించి జాబితాకెక్కించే వరకూ కేంద్రం పంపకం నిలుపుదల. అందాకా యథాతథ స్థితి. చూసే ఆవిడా గీసే ఆవిడా ఒకే బల్ల దగ్గర ఉండాలి. పట్టుకున్నది మనిషినో డొల్లనో తేలలేదు కనక పట్టు పత్రాలన్నీ రద్దు. యథాతథ స్థితి అన్నారు కనక మరుగుదొడ్డి తలుపు తిరిగి బిగించవచ్చునా అని వరహాలరావుగారు సందేహం వెలిబుచ్చారు. ఆవిడ ఆయన కేసి ఎలా చూశారంటే, తలుపు ఆయనే మోసుకొచ్చారు.

పత్రం రద్దయ్యాక డైరెక్టరుగారిని మొయ్యటానికి నలుగురూ ఒప్పుకోలేదు. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, రెండు చేతులూ ఆనించి లేచి నిలబడ్డారు. ఆయన అంత పొడగరి అని కేంద్రంలో అందరికీ అప్పుడే తెలిసింది. ఆయనకీ తెలిసినట్టు లేదు. గుమ్మం తగిలి తల నిమురుకున్నారు. భానుమూర్తి, హైమవతి ఆ సాయంత్రం కలిసే బస్సెక్కారు గాని వేరువేరు సీట్లలో కూర్చున్నారు. ఇద్దరి మొహాలూ తేటగా ఉన్నాయి.

పిల్లలు పుట్టాయి. నువ్వుగింజలో సగం ఉండే తెల్లటి పిల్లలు, ఒకదాని మీద ఒకటి పాకుతూ, క్షణం నిలవకుండా. వరహాలరావుగారికి సంగతి అర్థమైందో లేదో గాని, ప్రతి సోమవారం జీపు దిగి, లెక్క పూర్తయినదా అని అడుగుతారు. జాబితా తెరిచి, కలం మూత తీసి, కుర్చీ మీద కూర్చుని ఎదురుచూస్తారు. పాపం ఆయనకి ఇప్పుడు మజ్జిగ తాగటం అలవాటైంది. సుభాషిణి ఆయన అడగకముందే ఇస్తుంది.

ఇరవయ్యేళ్ళలో ఒక ముల్లు ఎక్కువా ఒక వెంట్రుక తక్కువా చెప్పి ఎరగని కనకవల్లి, భూతద్దం మీద వంగి పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. ఎదురుగా సుభాషిణి మోచెయ్యి బల్లకి ఆనించుకుని కలం పట్టుకుని ఉంది. మధ్యలో మాగాయ సీసా మూత తీసి ఉంది.

"ఎంతవరకూ వచ్చావే?"

"తప్పిపోయానక్కా. ఒకటి రాయి కిందకి దూరింది."

సుభాషిణి వరహాలరావుగారి వైపు ఒకసారి చూసి, కలం కొస నెమ్మదిగా తుడుచుకుంది.

"మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టు. తొందరేముంది."